చలికాలంలో కారు ముందు అద్దం పగలకుండా కాపాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

రాత్రి బాగానే ఉన్న అద్దం, పొద్దున హీటర్ వేసిన ఐదారు నిమిషాలకు చిటుక్కుమంటుంది. చూస్తే కింది అంచు నుంచి జానెడు బీట. చలికి పగిలిందనుకుంటాం. కానీ మైనస్ 20 డిగ్రీల్లో రాత్రంతా నిలబడినా, అద్దమంతా ఒకే చల్లదనంలో ఉన్నంతసేపూ దానికి పెద్దగా ఏమీ కాదు. కింది భాగం వేడెక్కి, పైభాగం ఇంకా గడ్డకట్టి ఉన్నప్పుడే దానికి కష్టకాలం. ఆ సమయంలో ఎక్కడైనా చిన్న రాతి దెబ్బ ఉంటే పగులు అక్కడి నుంచే బయలుదేరుతుంది. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి. అద్దం మీద దెబ్బ లేకుండా చలికాలంలోకి వెళ్లాలి. వేడి, చలి ఏదైనా సరే దానికి నెమ్మదిగా తగలనివ్వాలి.

పగులు ఎలా పుడుతుంది

ముందు అద్దం ఒక్క పలక కాదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకలు, వాటి మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. ఈ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. అద్దం పగిలినా ముక్కలు మీద పడకుండా పట్టి ఉంచేది ఇదే. పక్క అద్దాలు, వెనక అద్దం చాలా కార్లలో టెంపర్డ్ గాజువి, అంటే కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచినవి. టెంపర్డ్ గాజు 200 డిగ్రీల దాకా ఉష్ణోగ్రత తేడాను ఓర్చుకుంటుంది. టెంపరింగ్ లేని మామూలు గాజు ఒక చోటుకీ ఇంకో చోటుకీ 40 డిగ్రీల తేడా వస్తేనే ప్రమాదంలో పడుతుంది. ముందు అద్దం ఈ రెండో రకానికి దగ్గర. అంచు మీద గీత, దెబ్బ ఉంటే అంత తేడా కూడా అక్కర్లేదు.

చిన్న లెక్క చూడండి. గాజు ఒక్కో డిగ్రీకి మీటరుకు 9 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున సాగుతుంది. 1.4 మీటర్ల వెడల్పున్న అద్దంలో కింది భాగం 40 డిగ్రీలు వేడెక్కితే, అది అర మిల్లీమీటరు సాగాలని చూస్తుంది. పైన గడ్డకట్టిన భాగం సాగదు. దాంతో వేడి భాగం నొక్కుడుకు గురవుతుంది, చల్లని భాగం లాగుడుకు గురవుతుంది. గాజుకు నొక్కుడు లెక్కలోది కాదు. లాగుడే దాని బలహీనత. పైగా గాజు వేడిని త్వరగా పక్కకు పంచదు. డీఫ్రాస్ట్ గాలి (మంచు కరగడానికి హీటర్ అద్దం మీదికి ఊదే గాలి) తగిలిన చోట వేడి అక్కడే కూర్చుంటుంది. హీటర్ వేశాక గమనించండి: గాలి వచ్చే సందుకు ఎదురుగా కింద అరచేతి పొడుగున మంచు కరిగి, సరిహద్దు గీతలా కనిపిస్తుంది. ఆ గీతకు కింద గాజు వెచ్చగా, పైన మంచులా ఉంటుంది. లాగుడంతా ఆ గీత చుట్టుపక్కలే.

రెండో కారణం నీళ్లు. రాయి తగిలి పడిన చిన్న గుంటలోకి తడి చేరుతుంది. రాత్రి గడ్డకడుతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. సన్నటి సందులో ఆ పెరుగుదలకు చోటు దొరకదు కాబట్టి సందు గోడలను పక్కకు తోస్తుంది. పగలు కరిగి ఇంకాస్త లోతుకు దిగుతుంది, రాత్రి మళ్లీ తోస్తుంది. నాలుగైదు రాత్రులు ఇలా జరిగితే ఆవగింజంత దెబ్బకు కాళ్లొస్తాయి.

మొదటి పని: చలి మొదలయ్యే ముందే దెబ్బలు వెతకడం

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మిగతావేవీ చేయకపోయినా ఇది మాత్రం చేయండి.

అద్దాన్ని బయటా లోపలా శుభ్రంగా కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. చీకటి పడ్డాక కారు లోపల కూర్చుని, బయటి నుంచి ఒకరిని టార్చ్ ఏటవాలుగా వేయమనండి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. అద్దానికి దాదాపు ఆనించి వేస్తే ప్రతి గుంటా నక్షత్రంలా మెరుస్తుంది. మెరిసిన చోటల్లా లోపలి వైపు చిన్న టేపు ముక్క అంటించండి. మర్నాడు పగటి వెలుగులో బయటి నుంచి ఒక్కోదాన్నీ గోటితో తడమండి. గోరు తట్టకపోతే అది మరక కానీ పైపై గీత కానీ. తట్టుకుంటే దెబ్బ.

దెబ్బను దగ్గరగా చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. గుండ్రంగా, చుట్టూ నీడ పట్టినట్టు ఉంటే బయటి గాజు పలక లోపల గిన్నె ఆకారంలో విడింది. ఇది బాగుచేయడానికి సులువు, తొందరగా పాకదు. మధ్యలో చుక్క, చుట్టూ వెంట్రుకల్లాంటి కాళ్లు ఉంటే జాగ్రత్త పడాలి. పాకేది ఆ కాళ్ల కొనల నుంచే. అద్దం అంచుకు 5 సెంటీమీటర్ల లోపు ఉన్న ఏ దెబ్బనైనా అత్యవసరం కిందే లెక్కించండి. అంచులోనే లాగుడు ఎక్కువ. అంచున ఉండే నల్లటి పట్టీ ఎండను పీల్చుకుని మిగతా గాజు కంటే త్వరగా వేడెక్కుతుంది కూడా.

ఏది బాగుపడుతుంది, ఏది పడదు? సుమారు 25 మిల్లీమీటర్ల లోపు చిప్, జానెడు లోపు బీట అయితే చాలావరకు రెజిన్‌తో (సందుల్లోకి పారి గట్టిపడే పారదర్శక జిగురుతో) నింపవచ్చు. లోపలి గాజు పలక దాకా వెళ్లినవి, అంచును తాకినవి, డ్రైవర్ కంటికి సూటిగా ఎదురుగా ఉన్నవి వేరు సంగతి. కంటి ఎదుట ఉన్నదాన్ని నింపినా మసక మచ్చ మిగులుతుంది, రాత్రి ఎదురు లైట్లకు అది మెరుస్తుంది. అలాంటి వాటికి అద్దం మార్చడమే సరైన దారి.

రిపేరుకు వెళ్లేలోగా దెబ్బ మీద శుభ్రమైన పారదర్శక టేపు అంటించండి. తడి, దుమ్ము, సబ్బు లోపలికి చేరితే రెజిన్ సరిగా పట్టదు. సూపర్ గ్లూ వేయవద్దు. అది సన్నని కాళ్లలోకి పూర్తిగా పారదు, గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది. ఆపైన నిపుణుడు కూడా దాన్ని తీసి రెజిన్ ఎక్కించలేడు.

ఇంట్లో కిట్‌తో చేసుకునేవారికి వరుస ఇది.

1. గాజు 10 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లటి గాజులో రెజిన్ చిక్కబడి కాళ్లలోకి దిగదు. ఎండ నేరుగా పడే చోట చేయకండి, అతినీలలోహిత కిరణాలకు మధ్యలోనే గట్టిపడుతుంది.
2. దెబ్బలోని వదులు గాజుపొడిని సన్నటి సూదితో తీయండి. లోపల తడి ఉంటే కారును వెచ్చటి గదిలో గంటల తరబడి ఉంచి ఆరనివ్వండి. లైటరు, హీట్ గన్ పెట్టకండి. బాగుచేయబోయిన బీట అక్కడే పరిగెడుతుంది.
3. కిట్‌లోని పీటను దెబ్బ మీద బిగించి, ముందు గాలి లాగి, తర్వాత రెజిన్ నొక్కండి. లోపల నల్లగా కనిపించే గాలి బుడగలు పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. తొందరపడితే ఒక కాలి కొన ఖాళీగా మిగులుతుంది. రేపు పాకేది అక్కడి నుంచే.
4. పైన ప్లాస్టిక్ ముక్క పెట్టి, ఎండలో కానీ కిట్‌లోని లైటు కింద కానీ కిట్ మీద రాసినంతసేపు ఆరనివ్వండి. మిగిలినదాన్ని కొత్త బ్లేడు నిలువుగా పట్టి గీకేయండి.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఈ చిప్‌ను చలికాలం దాకా వదిలేయడమే.

రెండో పని: వైపర్లు, వాషర్ ద్రవం, హీటర్

వైపర్ రబ్బరు అంచును రెండు వేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా లాగి చూడండి. నునుపుగా, వంగేలా ఉండాలి. గట్టిగా, అంచు చీలినట్టు ఉంటే చలిలో అది అద్దం వంపుకు ఒదగదు. ఒదగని చోట నీటి పొర మిగిలి గడ్డకడుతుంది. రబ్బరు ఊడితే లోహపు భాగం గాజును గీకుతుంది. ఆ గీత ఎప్పటికీ పోదు. చలికాలానికి ముందు బ్లేడ్లు మార్చడం మంచి అలవాటు. మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: బ్లేడు తీసిన వైపర్ చేయి స్ప్రింగు బలానికి ఎగిరి గాజు మీద పడితే కొత్త దెబ్బ ఖాయం. కింద మడతపెట్టిన తువ్వాలు పరిచాకే బ్లేడు ఊడదీయండి.

వాషర్ ట్యాంకులో వేసవి నీళ్లు ఉంటే గడ్డకట్టి పంపును, గొట్టాన్ని పాడుచేస్తాయి. పైగా చల్లటి అద్దం మీద పడగానే ఆ నీళ్లు మంచు పలకవుతాయి, ఒక్క క్షణంలో దారి కనబడదు. వేసవి ద్రవాన్ని నాజిల్ దగ్గర చిమ్మి ఖాళీ చేశాకే శీతాకాలపు ద్రవం పోయండి. పోసిన తర్వాత కూడా ఒకటి రెండు సార్లు చిమ్మండి. గొట్టంలో మిగిలిన పాత నీళ్లే ముందు గడ్డకట్టేవి. మీ ప్రాంతంలో పడే కనిష్ఠ ఉష్ణోగ్రత కంటే కనీసం 10 డిగ్రీలు తక్కువకు పనిచేసేది ఎంచుకోండి. డబ్బా మీద రాసిన అంకె సీసాలోని ద్రవానికి వర్తిస్తుంది. నడుస్తున్న కారు అద్దం మీద సన్నగా పరుచుకున్నప్పుడు ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది, నీళ్లు మిగులుతాయి. అందుకే మైనస్ 10 ద్రవం మైనస్ 6లోనే గడ్డకట్టడం చూస్తాం. గాఢమైన ద్రవాన్ని కలిపేటప్పుడు డబ్బా మీది పాళ్లే పాటించండి. మిథనాల్ ఉన్నవి విషం. యూరోపియన్ యూనియన్ సాధారణ వినియోగదారులకు అమ్మే వాషర్ ద్రవాల్లో మిథనాల్ 0.6 శాతం కంటే తక్కువే ఉండాలని నియమం పెట్టింది. ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రకాలు ఎంచుకోండి, పిల్లలకు అందకుండా దాచండి.

హీటర్ విషయంలో చూసుకోవాల్సినవి మూడే: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం, థర్మోస్టాట్ (ఆ ద్రవం దారిని తెరిచి మూసే వాల్వు), క్యాబిన్ ఫిల్టర్. ఇంజిన్ వేడెక్కినా హీటర్ గాలి గోరువెచ్చగానే వస్తుంటే మొదట కూలెంట్ చూడండి, ఆ తర్వాత థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఉండిపోయిందేమో చూపించండి. ఫిల్టర్ దుమ్ముతో నిండితే డీఫ్రాస్ట్ గాలి తగ్గుతుంది. అప్పుడు మనం అసహనంతో వేడి పెంచుతాం, తేడా కూడా పెరుగుతుంది.

మూడో పని: రాత్రి పార్కింగ్

గాలి ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీలున్నా అద్దం మీద మంచు పొర పట్టవచ్చు. మబ్బు లేని రాత్రి గాజు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అందుకే కప్పు కింద పెట్టిన కారు, పక్కనే ఆరుబయట పెట్టిన కారు ఒకే చలిలో ఉన్నా మొదటిదానికి మంచు పట్టదు. వాతావరణ సూచనలో 4 డిగ్రీలు, నిర్మలాకాశం అని కనిపిస్తే ఆ రాత్రి కవరు వేయడమే మంచిది.

గ్యారేజీ లేనివారు కప్పు, గోడ పక్క, లేదా దట్టమైన కొమ్మల కింద చోటు చూసుకోండి. కొమ్మల మీద మంచు గడ్డలు పేరుకునే రోజుల్లో మాత్రం చెట్టు కింద వద్దు. అద్దం తూర్పుకు తిరిగి ఉంటే పొద్దుటి ఎండ నెమ్మదిగా, అద్దమంతటికీ సమంగా తగులుతుంది. దీనికి మించిన డీఫ్రాస్టర్ లేదు. ఒక చక్రం గట్టు మీదకు ఎక్కించి రాత్రంతా వదిలేయకండి. బాడీ కొద్దిగా మెలిపడినా ఆ ఒత్తిడి అద్దం చట్రం మీదకు వస్తుంది. చలికి బిగుసుకుని ఉన్న గాజుకు అది అదనపు భారం.

కవరు వేసేటప్పుడు అద్దం పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. తడి అద్దం మీద వేసిన కవరు పొద్దునకు గాజుకు అతుక్కుపోతుంది. పీకితే కవరు చిరుగుతుంది, గీకితే గాజు గీతలు పడుతుంది. దుమ్ము మీద వేసిన కవరు గాలికి ఊగుతూ రాత్రంతా గరుకు కాగితంలా రుద్దుతుంది. రెండు వైపుల రెక్కలను తలుపుల్లో పెట్టి మూయండి, వైపర్ల మీదుగా కిందికి పూర్తిగా పరచండి. పాత దుప్పటి, తువ్వాలు, దినపత్రిక, అట్టముక్క తడిస్తే ఇంకా ఘోరం.

వైపర్లు ఎత్తి ఉంచాలా వద్దా అనే వాదన ఎప్పటినుంచో ఉంది. గాలి లేని రాత్రి, కవరు లేకపోతే ఎత్తి ఉంచడం వల్ల రబ్బరు అతుక్కోదు. గాలి వీచే రాత్రి మాత్రం ఎత్తకండి. గాలి ఒక్క తోపు తోస్తే చేయి టప్పున పడి గాజుకు దెబ్బ తగులుతుంది. ఎత్తడం కంటే కవరు వేసి వైపర్లను దాని కింద ఉంచడమే మా సలహా. ఏదైనా సరే, ఇంజిన్ ఆపే ముందు వైపర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆటో మోడ్‌లో వదిలేస్తే పొద్దున స్టార్ట్ చేయగానే అవి గడ్డకట్టిన చోటే కదలబోతాయి. రబ్బరు చిరుగుతుంది, ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి మోటారే పోతుంది.

దిగే ముందు చివరి రెండు మూడు నిమిషాలు హీటర్ తగ్గించి, అద్దాలు కొద్దిగా దించండి. లోపలి వెచ్చటి తడిగాలి బయటికి పోతుంది, ముందు అద్దం కూడా ఒక్కసారిగా కాకుండా మెల్లగా చల్లబడుతుంది.

నాలుగో పని: పొద్దున మంచు తీయడం

ఇక్కడే ఎక్కువ అద్దాలు పోతాయి. పది నిమిషాలు ముందుగా లేవండి.

మొదట పొగ గొట్టం చుట్టూ పేరుకున్న మంచు తీయండి. గొట్టం మూసుకుపోయిన కారులో ఇంజిన్ ఆడుతుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఎప్పుడూ ఆడించకండి, తలుపు సగం తెరిచినా సరే.

స్టార్ట్ చేసే ముందే ఉష్ణోగ్రత మీట చల్లని వైపుకు, గాలి దిశ అద్దం వైపుకు, బ్లోయర్ సగానికి పెట్టండి. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలకోసారి వేడిని ఒక్కో మెట్టు పెంచుతూ రండి. ఆటోమేటిక్ క్లైమేట్ ఉంటే మ్యాక్స్ డీఫ్రాస్ట్ బటన్ నొక్కకుండా, 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి పెంచండి.

ఒక సంగతి చాలామంది గమనించరు. రాత్రంతా నిలిచిన పెట్రోలు, డీజిల్ కారులో ఇంజిన్ వేడెక్కడానికే సమయం పడుతుంది కాబట్టి గాలి దానంతటదే నెమ్మదిగా వెచ్చబడుతుంది. అసలు ప్రమాదం గంట సేపు ఆపి తిరిగి వచ్చినప్పుడు. ఇంజిన్ ఇంకా వేడిగా ఉంది, అద్దం మీద మాత్రం అప్పటికే మంచు గట్టిపడింది. స్టార్ట్ చేయగానే హీటర్ మొదటి ఊపిరే వేడిగా ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇంతే. విద్యుత్ హీటర్ ఇంజిన్ కోసం ఎదురుచూడదు, కొద్దిసేపట్లోనే వేడి గాలి ఊదుతుంది. ఈ రెండు సందర్భాల్లో మీట తప్పకుండా చల్లని వైపు నుంచే మొదలుపెట్టండి. ఎలక్ట్రిక్ కారు ఛార్జర్‌కు తగిలించి ఉంటే, బయల్దేరడానికి అరగంట ముందు తక్కువ ఉష్ణోగ్రతతో ప్రీ హీటింగ్ పెట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

కారు వెచ్చబడుతుండగా బయట పని చేయండి. ముందు కప్పు మీది మంచు తీయాలి. లేకపోతే మొదటి బ్రేకుకే అదంతా జారి అద్దం మీద పడుతుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో అద్దం మీది వదులు మంచు. బానెట్‌కూ అద్దానికీ మధ్య గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది, అక్కడి మంచు కూడా తీయండి. అది మూసుకుపోతే తాజా గాలి రాదు, లోపల అద్దం మసకేస్తుంది.

గట్టి మంచుకు ప్లాస్టిక్ స్క్రేపర్ వాడండి. దాని అంచును ముందు వేలితో తడమండి. నొక్కులు పడి ఉంటే అవతల పారేయండి, ఆ నొక్కుల్లో ఇరుక్కున్న ఇసుక రేణువే గాజును గీకుతుంది. సుమారు 45 డిగ్రీల వాలుగా పట్టి, పై నుంచి కిందికి, పొడుగ్గా ఒకే దిశలో తోయండి. మందంగా ఉంటే పళ్లున్న వైపుతో ముందు గాట్లు పెట్టి, తర్వాత నునుపు అంచుతో ఎత్తండి. గుండ్రంగా రుద్దకండి. చిప్ ఉన్న చోట స్క్రేపర్ పెట్టకండి, అక్కడ మంచు కరిగించే డీఐసర్ స్ప్రే (తయారీ కింద ఉంది) చేసి కరగనివ్వండి. లోహపు గరిటె, చాకు, తాళం చెవి, బ్యాంకు కార్డు ఏదీ వద్దు. అద్దాన్ని పిడికిలితో తట్టి మంచు పగలగొట్టడం కూడా వద్దు.

వైపర్ అతుక్కుని ఉంటే రబ్బరు పొడుగునా స్ప్రే చేసి, రెండు నిమిషాలాగి, చేయి మొదలు దగ్గర పట్టి మెల్లగా ఎత్తండి. కొన పట్టి లాగితే రబ్బరు అద్దం మీదే ఉండి, చేయి మీ చేతిలోకి వస్తుంది.

కళ్ల ముందు పలకంత చోటు మాత్రమే గీకి బయల్దేరకండి. దారి కనబడకపోవడం ఒక ప్రమాదం. ఆ చిన్న చోటు వెచ్చగా, చుట్టూ గడ్డకట్టి ఉండటం అద్దానికి ఇంకో ప్రమాదం.

వేడినీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు. మైనస్ 10 గాజు మీద 60 డిగ్రీల నీళ్లు పోస్తే ఒక్క క్షణంలో 70 డిగ్రీల తేడా. గోరువెచ్చటివి పోసినా కిందికి జారి వైపర్ల దగ్గర, జాలీలో మళ్లీ గడ్డకడతాయి. హెయిర్ డ్రైయర్ ఒకే చోట వేడి గుమ్మరిస్తుంది. ఉప్పు బాడీకి తుప్పు పట్టిస్తుంది, దాని పలుకులు గాజును గీకుతాయి. వెనిగర్ చిట్కా బాగా ప్రచారంలో ఉంది. కానీ మామూలు వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం దగ్గరే, మిగతాదంతా నీళ్లే. సున్నాకు రెండు డిగ్రీలు దిగితే అదే గడ్డకడుతుంది.

డీఐసర్ స్ప్రే ఇంట్లో తయారు చేసుకోవడం

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 600 మిల్లీలీటర్లు, నీళ్లు 300 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే ద్రవం నాలుగైదు చుక్కలు. స్ప్రే సీసాలో పోసి మెల్లగా తిప్పండి. సబ్బు ఎక్కువైతే అద్దం మీద చారలు మిగులుతాయి. ఇందులో ఆల్కహాల్ దాదాపు 47 శాతం. మైనస్ 15 దాకా నిశ్చింతగా పనిచేస్తుంది. అంతకంటే చలి ఉంటే నీళ్లు కలపకుండా వాడండి. పై అంచు నుంచి చిమ్ముతూ రండి, కిందికి జారుతూ పని చేస్తుంది. ఒకటి రెండు నిమిషాలాగి స్క్రేపర్‌తో తోయండి. వేడి ప్రసక్తి లేకుండానే మంచును కరిగిస్తుంది కాబట్టి అద్దానికి ఇంతకంటే సురక్షితమైన దారి లేదు. కానీ మంటంటుకునే ద్రవం. నిప్పు దగ్గర వాడకండి. సీసాను కారులో కాకుండా ఇంటి గుమ్మం దగ్గర ఉంచండి. తలుపులే గడ్డకట్టుకుపోతే కారులో ఉన్న స్ప్రే ఎవరికి పనికొస్తుంది!

లోపలి వైపు మసక, మంచు

20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకు దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. సున్నా డిగ్రీల గాలి 5 గ్రాములు కూడా మోయలేదు. అందుకే చలికాలపు బయటి గాలి పొడిగా ఉంటుంది. దాన్ని లోపలికి తెచ్చి వెచ్చబెడితే అద్దం మీది తడిని తాగేస్తుంది. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పడం) ఆపండి, ఏసీ వేయండి, వేడి కొద్దిగా పెట్టండి. చలిలో ఏసీ ఎందుకని ఆగకండి, గాలిలోని తడిని పిండేది అదే. గడ్డకట్టే చలిలో కంప్రెసర్ పనిచేయకపోవచ్చు, అప్పుడు తాజా గాలి ఒక్కటే చాలు.

బూట్ల వెంట వచ్చిన మంచు తివాచీలో కరిగి ఉంటుంది. రాత్రి ఆవిరై అద్దం లోపలి వైపు గడ్డకడుతుంది. లోతు అంచులున్న రబ్బరు మ్యాట్లు వేసి, వాటిలోని నీళ్లు రోజూ పారబోయండి. తివాచీ ఎప్పుడూ తడిగానే ఉంటే సన్‌రూఫ్ కాలువలో చెత్త అడ్డుపడిందేమో, తలుపు రబ్బరు చిరిగిందేమో చూడండి. లోపలి గాజు మీద పేరుకునే జిడ్డు పొర ఆవిరిని పట్టి ఉంచుతుంది. రెండు వారాలకోసారి ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. లోపలి మంచును స్క్రేపర్‌తో గీకకండి. అద్దం వెనక కెమెరా, వాన సెన్సర్ ఉంటాయి. వెనక అద్దానికైతే హీటర్ గీతలే తెగుతాయి.

దారిలో

మంచు రోడ్ల మీద చల్లే ఇసుక, కంకర ముందు వాహనం టైర్ల నుంచి ఎగిరి వస్తాయి. కంకర చల్లే బండి, మంచు తోసే బండి, లారీ వెనక వీలైనంత దూరం పాటించండి. రాయి దెబ్బ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. సగం వేగంలో వెళ్తే దెబ్బ నాలుగో వంతు. బలంగా రాయి తగిలిన చప్పుడు వినిపిస్తే ఆగిన వెంటనే చూడండి, టేపు అంటించండి. లోపల బాగా వెచ్చబడ్డ అద్దం మీద చన్నీళ్లు కొట్టి కడగడమూ వేడినీళ్లు పోసినంత పనే. ముందు హీటర్ తగ్గించి అద్దాన్ని చల్లారనివ్వండి.

బీట కనిపించిన తర్వాత

హీటర్ వేడి వెంటనే తగ్గించి, గాలిని అద్దం నుంచి కాళ్ల వైపు మళ్లించండి. ఎక్కువ చల్లబరచకండి, ఉన్న వెచ్చదనంలోనే ఉంచండి. బీట మీద బయటి వైపు టేపు వేయండి. తలుపు వేసే ముందు ఒక అద్దం కాస్త దించండి, లేకపోతే లోపలి గాలి ఒత్తిడి బీటను తోస్తుంది. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు మెల్లగా దాటండి. పీవీబీ పొర ఉంది కాబట్టి అద్దం ఊడి మీద పడదు. కానీ బీట కంటికి అడ్డం వస్తే ఆ కారు నడపకండి.

బీట మొదలైన చోట రాతి దెబ్బ ఉందో లేదో చూడండి. బాల్‌పెన్ను కొనను బీట వెంట మెల్లగా నడపండి, ఎక్కడైనా తట్టుకుంటే అక్కడే దెబ్బ. ఎక్కడా తట్టకుండా, అంచుకు నిలువుగా మొదలై లోపలికి వంగి ఉంటే అది ఒత్తిడి బీట. అద్దం బిగింపులో కానీ చట్రంలో కానీ లోపం ఉండవచ్చు. కొత్త అద్దం వేసేటప్పుడు ఆ సంగతి చెప్పి చట్రం చూపించండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

చలిలో అద్దం మార్చేటప్పుడు వెచ్చటి షెడ్డులోనే చేయించండి. అద్దాన్ని అతికించే యురేథేన్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. చల్లటి, పొడి గాలిలో అది చాలా నెమ్మది. వాడుతున్న జిగురుకు ఆనాటి ఉష్ణోగ్రతలో ఎన్ని గంటల తర్వాత కారు నడపవచ్చో అడిగి రాయించుకోండి. ప్రమాదంలో ఎయిర్ బ్యాగ్ తెరుచుకునేటప్పుడు చాలా కార్లలో దానికి ఆనుడు ముందు అద్దమే. జిగురు పచ్చిగా ఉంటే అద్దం బయటికి తోసుకుపోతుంది. పాత అద్దంలో హీటింగ్ తీగలు, వాన సెన్సర్, చప్పుడు తగ్గించే పొర ఉంటే కొత్తదీ అలాంటిదే కావాలి. లేన్ కెమెరా (రోడ్డు గీతలు చూసేది) ఉంటే అద్దం వేశాక దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిదిద్దాలి. కొత్త అద్దాన్ని కదలకుండా పట్టి ఉంచేందుకు అంటించిన పట్టీ టేపు 24 గంటలు తీయకండి. ఆ రోజంతా ఒక అద్దం అంగుళం దించి ఉంచండి, తలుపులు మెల్లగా వేయండి, డీఫ్రాస్ట్ పూర్తి వేడిలో పెట్టకండి. ప్రెషర్ వాష్‌కు రెండు రోజులాగండి.